అన్న నిద్ర

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడేకొద్దీ నాకు సినిమాల మీద ప్రేమ ముంచుకొస్తుంది. జూలైలో, ఆగస్టులో, చదవాల్సిన తొందర ఏమీ లేనప్పుడు ఏ సినిమా పెట్టినా అరగంటకే విసుగు. అదే నవంబర్ ఆఖర్లో పరీక్షల టైం టేబుల్ నోటీసు బోర్డెక్కిందంటే చాలు, ఎప్పుడో పదేళ్ల కిందట వచ్చి పోయిన అడ్డమైన సినిమా కూడా చూడకపోతే ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది. భాష పట్టింపు లేదు. తమిళం, మలయాళం, కొరియన్, ఏదైనా సరే, కింద అక్షరాలు పడితే చాలు. బొమ్మలు వేయాల్సిన బోటనీ రికార్డు ముందు పెట్టుకుని, దానికే ఫోన్ ఆనించి చూస్తాను. రికార్డు కళ్ల ముందే ఉంది కాబట్టి చదువుతున్నట్టే లెక్క అని నాకు నేను చెప్పుకుంటాను. అబద్ధాలు చెప్పడం నేను ముందు నా మీదే నేర్చుకున్నాను.

నా పేరు హర్షిణి. గోదావరిఖనిలో బీఎస్సీ మూడో సంవత్సరం. ఈసారి ఐదో సెమిస్టర్. నాతో పాటు చదివే భావ్య, నేను పోటీ పెట్టుకున్నాం, పరీక్షలు మొదలయ్యేలోగా ఎవరు ఎక్కువ చూస్తారా అని. రికార్డు చివరి పేజీలో పెన్సిల్‌తో లిస్టు రాసేదాన్ని. డిసెంబర్ మొదటి వారానికి ముప్పై ఒకటి అయ్యాయి. వేసిన బొమ్మలు నాలుగు.

కానీ ఆ డిసెంబర్‌లో మా ఇంట్లో అసలు పరీక్ష నాది కాదు, మా అన్నది.

మా అన్న జగదీశ్వర్ బొగ్గుబాయిలో బదిలీ వర్కర్. బాపు గట్టయ్య ఇరవై తొమ్మిదేళ్లు భూమి కింద పనిచేశాడు. నాలుగు మెట్లెక్కితే ఊపిరి అందని పరిస్థితి వచ్చాక మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది, ఆ కొలువు అన్నకు వచ్చింది. పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో ఉన్నవాడు పుస్తకాలు అటక మీద పెట్టి తలకు టోపీ లైటు పెట్టుకున్నాడు. ఇక్కడ బదిలీ అంటే ఊళ్లు మారడం కాదు. ఎవరు రాకపోతే వాళ్ల పనిలోకి దిగడం. ఏ రోజు ఏ పనో దిగేదాకా తెలియదు. జనవరి నుంచి డిసెంబర్ లోపు నూట తొంభై మస్టర్లు, అంటే నూట తొంభై హాజర్లు, పడితే జనరల్ మజ్దూర్‌గా పర్మినెంటు అవుతాడు. ఒక్కటి తక్కువైనా ఆ ఏడాదంతా గంగలో కలిసినట్టే. జనవరి ఒకటిన మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి.

పోయినేడు నూట ఎనభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఈ ఏడు మార్చిలో బండి మీద నుంచి పడి చెయ్యి విరిగితే మూడు నెలలు ఇంట్లో ఉన్నాడు. సెప్టెంబర్‌లో డెంగ్యూ వచ్చి ఇంకో నెల పోయింది. డిసెంబర్ రెండో సోమవారం నాటికి ఇంకా ఇరవై మస్టర్లు కావాలి. నెలాఖరుకు మిగిలిన పనిరోజులు ఇరవై ఒకటి. ఈ లెక్క మా ఇంట్లో అందరికీ నోటికొచ్చు. అమ్మ శోభ పొద్దున్నే కమాన్‌పూర్ వైపు పత్తి ఏరడానికి ఆటో ఎక్కేముందు కూడా "ఇయ్యాల్టితోటి ఎన్ని, కొడుకా?" అని అడిగి మరీ వెళ్లేది. బాపు అయితే యూనియన్ ఆఫీసు దగ్గర తన ఈడు వాళ్లతో కూర్చుని కొడుకు మస్టర్ల గురించి ఎన్నికల ఫలితాలు చెప్పినట్టు చెప్పేవాడు.

అన్నకూ సినిమాలంటే పిచ్చే. అసలు నాకు ఆ తిక్క అంటించిందే వాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు బండి మీద కూర్చోబెట్టుకుని మార్నింగ్ షోకి తీసుకెళ్లేవాడు. కొలువులో చేరాక కూడా తీసుకెళ్లాడు కానీ, పేర్లు పడేటప్పటికే నిద్రపోయేవాడు. ఇంటర్వెల్‌లో లేచి నాకు సమోసా కొనిచ్చి మళ్ళీ పడుకునేవాడు. ఇంటికొచ్చాక కథ నేను చెప్పాలి. శ్రద్ధగా వినేవాడు, మధ్యలో ప్రశ్నలు అడిగేవాడు. టికెట్ కొని నిద్రపోయినందుకు బాధపడినట్టు ఎప్పుడూ కనిపించలేదు.

ఆ సోమవారం అన్నది సెకండ్ షిఫ్టు. మధ్యాహ్నం మూడింటికి బాయి దగ్గర ఉండాలి, రాత్రి పదకొండు దాకా పని. ఇంటికొచ్చి తిని పడుకునేసరికి పన్నెండున్నర. మళ్ళీ ఆరింటికే లేచేవాడు. మా ఇళ్ల లైన్లో నల్లా నీళ్లు ఆరింటికి వస్తాయి, బాపు బిందె ఎత్తలేడు. అమ్మకు అప్పటికి వంట పని. అందుకే మధ్యాహ్నం అన్నం తిని గంటసేపు కునుకు తీసేవాడు. ఆ గంట లేకపోతే వాడి ఒళ్లు వాడి మాట వినదు.

నాకు కాలేజీ సెలవులిచ్చారు, చదువుకోమని. అమ్మ పత్తికి, బాపు యూనియన్ ఆఫీసుకు వెళ్లారు. ఇంట్లో మేమిద్దరమే. నా ఫోన్లో ఆ రోజు డాటా పొద్దున పదకొండింటికే అయిపోయింది. సస్పెన్సు సినిమా ఒకటి మొదట్లోనే ఆగి ఉంది. అన్న ఫోన్ అడిగితే ఇచ్చాడు.

"హర్షీ, రెండింటికి అలారం పెట్టిన. ఫోన్ నీ తాననే ఉంటది గదా, మోగంగనే నన్ను లేపు."

"లేపుత తీ. నువ్వు పండుకో."

"సినిమాల పడి మర్శిపోకు."

"చదువుకుంటున్న అన్న, సినిమా ఏంది."

"ఆఁ, చదువే. డాటా అంత చదువే తింటున్నది," అని నవ్వి, లోపలి గదిలో చాప మీద అటు తిరిగి పడుకున్నాడు.

రెండింటికి అలారం వచ్చింది. ఇయర్‌ఫోన్లు పెడితే వాడి ఫోన్లో అలారం కూడా వాటిలోనే మోగుతుంది కాబట్టి నాకొక్కదానికే వినిపించింది. సరిగ్గా ఆ సమయానికి సినిమాలో ఒకావిడ హత్య చేసినవాడి పేరు చెప్పబోతోంది. ఆమె మొహం మీద అడ్డంగా అలారం గడియారం బొమ్మ. వేలితో పక్కకు తోసేశాను. అయిదు నిమిషాలు, ఆ పేరేదో వినేసి లేపుదాం అనుకున్నాను. ఆమె పేరు చెప్పలేదు. ఆమెనూ చంపేశారు. ఇంక నేను ఎక్కడ ఉన్నానో నాకు తెలియలేదు.

కూర్చున్న నేల అదిరి, కిటికీ రెక్కలు గలగలలాడితే తలెత్తాను. ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి తవ్వే గనిలో, బ్లాస్టింగ్. పుట్టినప్పటి నుంచి ఆ అదురు మాకు అలవాటే, మామూలుగా అయితే తలెత్తను కూడా. కానీ ఆ వారం బ్లాస్టింగ్ మూడు గంటల ప్రాంతంలో చేస్తున్నారు. ఫోన్లో టైం చూశాను. రెండు యాభై ఆరు. మా ఇంటి నుంచి బాయికి బండి మీద ఇరవై నిమిషాలు.

ఇక్కడిదాకా నేను చేసింది పొరపాటు. దానికి తిట్లు తిని ఉంటే సాయంత్రానికి మరిచిపోయేవాళ్లం. తర్వాత నేను చేసింది మాత్రం పొరపాటు కాదు. ఇయర్‌ఫోన్లు పీకి జేబులో పెట్టుకున్నాను. సినిమా కట్టేశాను. చప్పుడు కాకుండా లోపలికి వెళ్లి ఫోన్‌ను అన్న దిండు పక్కన పెట్టాను. మళ్ళీ ముందు గదిలోకి వచ్చి, రికార్డు తెరిచి, చేతిలో పెన్సిల్ పట్టుకుని, అప్పుడు కేకేశాను.

"అన్న, ఏందీ, ఇంక పండుకునే ఉన్నవా? డ్యూటీ లేదా?"

వాడు దిగ్గున లేచాడు. ఫోన్ చూశాడు. "అలారం మోగలేదా?" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది.

"నాకు ఫోన్ ఒకటిన్నరకే అయిపాయె. నీ దిండు పక్కన పెట్టి చెప్పిన గదా, ఇగో ఫోన్ ఈడ పెడుతున్న, అలారం సూస్కో అని. నువ్వు ఊ అన్నవ్."

"నేనన్ననా?"

"అన్నవ్. మోగితె నిద్రల నువ్వే ఆపుకున్నట్టున్నవ్."

ఒక్క మాట కూడా తడబడలేదు. అంత తేలిగ్గా, అంత వివరంగా ఎలా వచ్చిందో ఆ అబద్ధం, ఇప్పటికీ తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అన్న ఇంకేం అడగలేదు. చొక్కా తొడుక్కుంటూనే బండి తీశాడు. టిఫిన్ డబ్బా నేనే పరుగెత్తుకెళ్లి ఇచ్చాను. చాలా బాధ్యత గల చెల్లెల్లాగా.

గంటలోపే తిరిగొచ్చాడు. మస్టర్ టైం అయిపోయింది, దిగనివ్వలేదు. బతిమాలాడట, వాళ్లు మాత్రం ఏం చేస్తారు. డబ్బా ఎలా ఇచ్చానో అలాగే ఉంది. అరుగు మీద కూర్చుని చాలాసేపు చెప్పులు విప్పలేదు.

"ఊ అన్ననట. నాకు సోయే లేదు హర్షీ. గింత నిద్రేందే నాకు? గిది నిద్రనా, రోగమా?"

నేను టీ పెట్టిచ్చాను.

సాయంత్రం బాపు వచ్చాక సంగతి తెలిసింది. బాపు కోపిష్టి కాదు. గట్టిగా అరిస్తే దగ్గు తెర వస్తుంది కాబట్టి మెల్లగానే తిడతాడు, అది ఇంకా ఘోరం. "ఇరవై తొమ్మిదేండ్ల సర్వీసుల జరమొచ్చి నాగ పెట్టిన, సావులకు పెట్టిన. నిద్రవోయి నాగ పెట్టలేదురా నేను. ఎవలన్న అడిగితె ఏమని చెప్పాలె? నా కొడుకు పండుకున్నడని చెప్పన్నా?"

అన్న తల వంచుకుని విన్నాడు. అమ్మ మధ్యలోకి వచ్చి, "ఊకో, ఇంక ఇరవై దినాలున్నయి గదా, అన్నీ పోతడు తీ," అంది. నేను తలుపు వెనకాల నిలబడి ఉన్నాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. బాపు తిట్టేది నన్నయితే ఆ మెల్లని గొంతు ఎలా ఉంటుందో ఊహించుకుని మూసేశాను. ఒక్క రోజే కదా పోయింది, లెక్క ఇంకా సరిపోతుంది కదా, తిట్లు ఎలాగూ తినేశాడు కదా అని సర్దిచెప్పుకున్నాను.

ఇక సినిమాలు చూడను అని ఆ రాత్రి ఒట్టు పెట్టుకున్నాను. మూడు రోజులు నిలబెట్టుకున్నాను కూడా. నాలుగో రోజు భావ్య వాళ్లింట్లో కలిసి చదువుకుందామని వెళ్లి, ఆగిపోయిన ఆ సస్పెన్సు సినిమా ఆఖరు ముక్క చూశాను. హంతకుడు ఎవరో తెలిసింది. నేను అనుకున్నవాడు కాదు. ఇంటికొస్తూ దారిలో నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. ముప్పై రెండోదని లిస్టులో రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

అన్న మధ్యాహ్నం నిద్ర మానేశాడు.

మొదట్లో నేను పట్టించుకోలేదు. అన్నం తినగానే చాప పరచడానికి బదులు కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చునేవాడు. తల వాలితే లేచి మొహం మీద నీళ్లు కొట్టుకునేవాడు. "జరసేపు ఒరుగు అన్న, నేను లేపుత," అన్నాను ఒకసారి. నిజంగానే అన్నాను. "వద్దే. నువ్వు లేపితె ఊ అంట, ఆపుకుంట, నాకేం యాదికుండది. నీదేం తప్పు లేదు," అన్నాడు. నీదేం తప్పు లేదు అనే మాట నన్ను ఎవరూ తిట్టనంత తిట్టింది.

ఆ తర్వాతి వారం నైట్ షిఫ్టు. రాత్రంతా పని, పగలే పడుకోవాలి. పొద్దున ఎనిమిదింటికి వచ్చి పడుకుని పదింటికల్లా ఉలిక్కిపడి లేచేవాడు. టైం చూసేవాడు. మళ్ళీ పడుకునేవాడు, మళ్ళీ లేచేవాడు. ఫోన్లో నాలుగు అలారాలు పెట్టాడు, అవి చాలక బాపు పాత గడియారం సత్తు గిన్నెలో పెట్టి దూరంగా గూట్లో ఉంచాడు. లేచి నడిస్తే తప్ప ఆపలేకుండా. రాత్రి పదింటికి వెళ్లాల్సిన డ్యూటీకి మధ్యాహ్నం రెండు నుంచే మేలుకుని కూర్చునేవాడు. కళ్ల కింద బొగ్గు కడిగినా పోనట్టు నల్లగా ఉండేది. ఒకసారి మాటవరసకన్నట్టు నన్నడిగాడు: "నేను నిద్రల ఇంకేమన్న మాట్లాడుతనానే?" లేదన్నాను. నమ్మినట్టు లేదు.

వాడికి తన మీద తనకే అనుమానం పుట్టించాను నేను. ఒక మనిషిని వాడి ఒంటికే దొంగను చేశాను. అది తెలుసు నాకు. తెలిసి కూడా హాల్ టికెట్ తెచ్చుకున్నాను, పెన్నులు కొనుక్కున్నాను, పరీక్షలు రాయడం మొదలుపెట్టాను. పరీక్షలయ్యాక చెబుదాం, ఇప్పుడు చెబితే నా చదువు పాడవుతుంది అని ఇంకో సాకు దొరికింది. చదువు అప్పటిదాకా బాగున్నట్టు.

శనివారం జువాలజీ పేపర్ రాసి మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి కొమురెల్లి కాక వచ్చి ఉన్నాడు. మా లైన్ చివర ఉంటాడు. బాయిలో సర్దార్, అన్న వాళ్ల జట్టుకు పని చెప్పి చూసుకునేది ఆయనే. బాపుతో కలిసి పనిచేసినవాడు. కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా నిలబడే మాట్లాడుతున్నాడు. నేను వంటింట్లోకి వెళ్లాను.

"గట్టన్న, రాత్రి నీ కొడుకు టబ్బుల పక్కన నిలవడి నిలవడే నిద్రవోయిండు. నేను సూసిన గాబట్టి సరిపాయె. గప్పుడే తాడు గుంజితె ఏమైతుండె?"

కాక అన్న వైపు తిరిగాడు.

"ఏమిరా జగదీశ, ఇంట్ల పండుకుంటలేవా?"

"నా నిద్ర మీద నాకు నమ్మకం పోయింది కాక," అన్నాడు అన్న. "మొన్న మా చెల్లె లేపితె ఊ అన్ననట. నాకు యాదికే లేదు. పండుకుంటె మళ్ళ లేస్తనో లేనో అని బుగులు. ఇంక పది మస్టర్లున్నయి. నిండినంక పండుకుంట."

"నిండేదాక నువ్వుండాలె గదా. ఇంకొక్కసారి గట్ల కనవడితె పైకి తోలుత. మస్టర్ పోతె పోనియ్, మనిషిని భుజాల మీద మోస్కరాలేను నేను."

కొమురెల్లి కాక వెళ్తుంటే బాపు ఆయనతో పాటు లైన్ చివరిదాకా నడిచాడు. అన్న కుర్చీలో కూర్చుని తువ్వాలు తడిపి మెడ మీద వేసుకుంటున్నాడు, మళ్ళీ మేలుకుని ఉండటానికి. బొగ్గు నింపిన ఇనప టబ్బులు, వాటిని లాగే తాడు, వాటి మధ్య నిలబడి నిద్రపోతున్న మా అన్న. నేను చెప్పింది ధైర్యం వచ్చి కాదు. అంతకన్నా పెద్ద భయం వచ్చి చెప్పాను.

"అన్న, నువ్వు ఊ అనలే."

"ఏంది?"

"ఆ దినం. నేను నీకు ఏం చెప్పలే, నువ్వు ఊ అనలే. ఫోన్ నా తాననే ఉండె. అలారం నేనే ఆపిన. సినిమా సూస్తున్న."

అన్న నా వైపు చూశాడు. కోపం వస్తుందేమో అని కాచుకున్నాను. రాలేదు. ఏదో కష్టమైన లెక్క చేస్తున్నట్టు నుదురు ముడిచాడు.

"అంటె అలారం నేను ఆపలే."

"ఆపలే."

"నిద్రల మాట్లాడలే."

"లేదు అన్న."

"సినిమా ఇంక ఎంతసేపుండె?"

"గంటన్నర."

తల ఊపాడు. మెడ మీది తువ్వాలు తీసి దండెం మీద ఆరేశాడు. లోపలికి వెళ్లి చాప పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, గురక వినిపించింది. పన్నెండు రోజుల తర్వాత నిద్రపోయాడు మా అన్న. ఆ నిద్ర చూస్తూ గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చాను. నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలు నేను ఏ రోజు చెప్పినా వాడు ఆ రోజే నిద్రపోయి ఉండేవాడు.

రాత్రి తొమ్మిదింటికి గూట్లో గడియారం మోగితే తనే లేచి వెళ్లి ఆపాడు. అన్నం తింటూ, బాపుకు వినపడకుండా, "బాపుకు చెప్పకు. మళ్ళ ఊపిరి ఎగపోస్తది," అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కొడితే బాగుండేది. బాపు దృష్టిలో నిద్రపోయి నాగా పెట్టినవాడు ఇప్పటికీ మా అన్నే.

ఆ తర్వాతి వారం ఫస్ట్ షిఫ్టు. పొద్దున ఐదింటికి అమ్మ లేపేది. అన్న మొహం తేటపడింది. రాత్రి తొమ్మిదికే పడుకుంటున్నాడు కదా. నాతో మామూలుగానే మాట్లాడాడు. పేపర్ ఎట్ల రాసినవ్ అని అడిగాడు. శనివారం నా ఆఖరి పరీక్ష అయిపోయింది. ఆదివారం నేను సినిమా పెట్టుకుంటే వచ్చి పక్కన కూర్చుని అరగంట చూశాడు, హీరో మొహం మీద జోకులు కూడా వేశాడు. నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. చెప్పేశాను, క్షమించేశాడు, అయిపోయింది అనుకున్నాను. మా వాళ్లలో ఇంత మంచి అన్న ఎవరికైనా ఉంటాడా అని గర్వపడ్డాను కూడా.

సోమవారం నుంచి మళ్ళీ సెకండ్ షిఫ్టు. ఇంక మూడు మస్టర్లే కావాలి. సోమ, మంగళ, బుధ. ఆ మూడూ పడ్డాయి, ముప్పై ఒకటో తారీఖున నూట తొంభై నిండాయి, బాపు యూనియన్ ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, దాని కోసం ఎవరూ ఊపిరి బిగబట్టక్కర్లేదు. నేను చెప్పాల్సింది ఆ సోమవారం మధ్యాహ్నం గురించి.

అమ్మ పత్తికి వెళ్లింది. బాపు వెళ్లాడు. అన్న అన్నం తిని చాప పరిచాడు. నేను ముందే సిద్ధంగా ఉన్నాను. నా ఫోన్ కట్టేసి అమ్మ పెట్టెలో పెట్టాను. వాడి ఫోన్ ముట్టుకోలేదు.

"రెండింటికి లేపుత అన్న. ఈడనే కూసుంట, కదల."

"సరే," అన్నాడు. అని పడుకున్నాడు.

గోడ గడియారం ఎదురుగా కూర్చున్నాను. ఒంటిగంట పది నుంచి ఆ ముల్లు తప్ప ఇంకేమీ చూడలేదు. పుస్తకం లేదు, సినిమా లేదు. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. వాడు పక్కకు ఒత్తిగిలినా, దుప్పటి తన్నేసినా చూశాను. ఒకటీ యాభై అయింది. ఇంకో పది నిమిషాల్లో మెల్లగా భుజం తట్టి, ముందే కాచి ఉంచిన టీ చేతికివ్వాలని, వాడు కళ్లు తెరిచి నన్ను చూడాలని అనుకుంటున్నాను. అది నాకు ఎంత కావాలో చెప్పలేను. ఆ సెమిస్టర్ మొత్తంలో నేను పాసవ్వాలని నిజంగా కోరుకున్న పరీక్ష అదొక్కటే.

రెండుకు అయిదు నిమిషాలుండగా ఎవరో తలుపు కొట్టారు. చప్పుడుకు వాడి నిద్ర చెడుతుందని పరుగున వెళ్లి తీశాను. ఐలవ్వ. మా వెనక లైన్లో ఒక్కతే ఉంటుంది, డెబ్బై ఏళ్లు దాటాయి. మోకాళ్ల నొప్పులతో లైను మలుపు తిరిగి మా ఇంటిదాకా నడిచి వచ్చేసరికి ఆయాసపడుతోంది. గడప మీద చెయ్యి ఆనించి లోపలికి తొంగిచూసింది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"అయ్యో, నువ్వు ఇంట్లనే ఉన్నవా బిడ్డ? పొద్దుగాల నల్లా కాడ మీ అన్న చెప్పిండు. ఈ మూడొద్దులు ఇంట్ల ఎవ్వలుండరు అవ్వ, రెండింటికి జర నువ్వొచ్చి లేపిపో అని. లేకుంటె ఈ కాళ్లతోటి నేనెందుకొస్త?"

లోపల అన్న ఇంకా నిద్రలోనే ఉన్నాడు. గడియారం ముల్లు ఇంకో నిమిషం జరిగింది. నా కళ్లల్లో నీళ్లు ఐలవ్వకు కనపడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను.

"ఇప్పుడే వచ్చిన అవ్వ," అన్నాను. అని, అన్నను లేపడానికి ఆమెకు దారిచ్చాను.